దీపమును మోయు తీగె



క్రొత్త దీపమును పెట్టినచో చూచుటకు ఇరుగుపొరుగువారు వత్తురు. దానిని వెలిగించు తీగెను చూచుటకు ఎవ్వరును రారు. బజారులో దీపమును ఏరియేరి కొనువారే తీగె దగ్గఱకు వచ్చుసరికి చౌకది చాలునందురు. పెండ్లిపందిట మిగిలిన ముక్కలు రెండింటిని మెలిపెట్టి, పైన సెల్లోటేపు చుట్టి, దూలమునకు మేకు కొట్టి కట్టుదురు. దీపము వెలుగును. వెలిగినది గనుక పని సరిగా జరిగినదని నమ్ముదురు. ఆ నమ్మకమే ప్రమాదమునకు మూలము.

వారణావతమందలి లక్కయిల్లు చూపరులకు ముచ్చటగనే యుండెను. నిప్పునకు వలసిన సరకంతయు గోడలలోనే యుండెను. నాసితీగె సాగిన యింటికిని దానికిని భేదము స్వల్పము. ఐతే ఇచ్చట పురోచనుని పనిని గృహస్థుడే చేసికొనును.

ఇండ్లకు వచ్చు విద్యుత్తు 230 వోల్టులు. 9 వాట్ల ఎల్.ఇ.డి. దీపము లాగునది ఆంపియరులో ఇరువదియైదవ వంతు. పూర్వపు 60 వాట్ల బల్బు లాగినది పావు ఆంపియరు. కనుక దీపమునకు సన్నని తీగె చాలునన్న మాట సత్యమే. కాని ఆ తీగె చివర నేడు దీపముండును, రేపు ఇస్త్రీపెట్టె యుండును, చలికాలమున నీళ్లు కాచు హీటరు చేరును. 1500 వాట్ల హీటరునకు ఆరున్నర ఆంపియర్లు కావలెను. ప్రవాహము రెట్టింపైనచో తీగెలో పుట్టు వేడి రెట్టింపు గాదు, నాలుగు రెట్లగును. సాధారణపు పి.వి.సి. తొడుగు 70 డిగ్రీల సెంటిగ్రేడు వేడికే యేర్పడినది. తీగెను చాప క్రింద పఱచినను, చుట్టగా చుట్టి మంచము క్రిందికి త్రోసినను ఆ వేడి బయటికి పోజాలదు. అతుకు వదులైనచోట వేడి మఱింత పుట్టును. తీగె చాలనిచో కావలసినంత పొడవుగల క్రొత్త తీగెను వేయుటయే మేలు. అతుకు తప్పనిచో కనెక్టరులో మరలు బిగించి, జంక్షను పెట్టెలో మూయవలెను.

అన్నింటికంటె మోసకరమైనది వేఱొకటి కలదు. స్విచ్చి ఫేజు తీగెపై నుండవలెను. తెలియనివాడు దానిని న్యూట్రలుపై పెట్టినను దీపము వెలుగును, స్విచ్చి నొక్కిన ఆరును, లోపమేమియు కానరాదు. కాని ఆరిన దీపపు హోల్డరులో విద్యుత్తు నిలిచియే యుండును. పండుగనాడు ఇల్లాలు ఇనుప కుర్చీ యెక్కి, తడిగుడ్డతో బల్బు తుడుచును. స్విచ్చి ఆర్పియే తుడుచును పాపము. కనుక హోల్డరు ముట్టుటకు ముందు ఇంటి మెయిను ఆర్పవలెను. స్విచ్చి యే తీగెపై నున్నదో పనివానిచేత టెస్టరు పెట్టించి చూపించుకొనవలెను.

ఫ్యూజు కలదు గదా యని కొందఱందురు. ఫ్యూజు కాచునది తీగెను; మనుష్యుని గాదు. ఆంపియరులో పదవ వంతు గుండె గుండా సాగినచో ప్రాణము పోవచ్చును. 5 ఆంపియర్ల ఫ్యూజు అంతమాత్రమునకు కదలదు. ప్రాణమును కాచుటకు ఆర్.సి.సి.బి. యను పరికరము కలదు. దాని పని అచ్చముగా జమాఖర్చు సరిచూచుటయే. ఫేజున పోయినదెంత, న్యూట్రలున తిరిగి వచ్చినదెంత యని క్షణక్షణము లెక్క చూచును. 30 మిల్లీఆంపియర్ల తేడా వచ్చుసరికి, సొమ్ము ఎవరి దేహము గుండానో నేలకు పోవుచున్నదని యెంచి సరఫరా త్రెంచును. దీనికిని ఒక లోటు కలదు. నేల తగులకుండ పీటపై నిలిచి ఒక చేత ఫేజును, మఱియొక చేత న్యూట్రలును పట్టినవానిని అది గుర్తింపజాలదు. పద్దులు సరిపోయినంతనే దొంగతనము జరుగలేదనుటకు వీలులేదు గదా!

ఇక పందిళ్లు. నేడు ఇనుప గుంజలే వాడుక. వానికి దీపముల తీగెను సన్నని ఇనుప కట్టుతీగెతో బిగింతురు. అది తొడుగును కోయును. దుమ్ము లేవకుండ నేలపై నీళ్లు చల్లుదురు. పిల్లలు వట్టికాళ్లతో గుంజలు పట్టుకొని తిరుగుదురు. ఇట్టిచోట తీగెను గుంజకు తగులనీయక, చేతికందనంత యెత్తున నూలుత్రాటితో కట్టవలెను. ఆర్.సి.సి.బి. గుండానే సరఫరా తీసికొని, దానిపైనున్న పరీక్ష మీటను దీపములు వెలిగించుటకు ముందే నొక్కి చూడవలెను. నొక్కగనే సరఫరా తెగనిచో, పెండ్లివారు ఎంత తొందరపెట్టినను, దానిని మార్చువఱకు ఆ పందిట దీపములు వెలిగింపరాదు.