సెల్లుల వచ్చిన దొంగలు



ఇది 2018 ఎండాకాలం ముచ్చట. గద్వాల, వనపర్తి జిల్లాల ఊళ్ళల్లో జనం పొద్దుగూకంగనే తలుపులు వేసుకుంటున్నారు. ఎండాకాలం వాకిట్లో మంచాలు వేసుకొని పండే ఊళ్ళు అవి. అంత ఉక్కలోనూ పిల్లల్ని పట్టుకొని లోపలే పడుకున్నారు. ఊరికి పోయిన పోలీసులు ఇది గమనించారు. ఎందుకు ఇట్ల అని అడిగారు.

"పిల్లల ఎత్కపోయెటోళ్ళు తిరుగుతున్నరంట. సెల్లుల వచ్చింది." ఎవరిని అడిగినా ఇదే మాట.

చూసినవాళ్ళు ఎవరు? ఎవరూ లేరు. వాట్సాప్‌లో ఫోటోలు వచ్చాయి. అవి ఎక్కడివో ఎవరికీ తెలియదు.

ఆ ఏడాది దేశమంతా తిరిగిన వీడియో ఒకటి ఉంది. మోటారు సైకిలు మీద ఇద్దరు వస్తారు. ఆడుకునే పిల్లవాణ్ణి ఎత్తుకొని పోతారు. చూస్తే ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది. నిజానికి అది పాకిస్తాన్‌లోని కరాచీలో తీసింది. పిల్లలను జాగ్రత్తగా చూసుకోండి అని చెప్పటానికే తీశారు. చివరలో ఆ ఇద్దరే పిల్లవాణ్ణి తెచ్చి దింపుతారు. ఎవరో ఆ చివరి ముక్క కోసేశారు. మిగిలింది పంపారు. చూసినవాళ్ళు నమ్మారు. తల్లిదండ్రుల భయం అట్లాంటిది, వాళ్ళని తప్పు పట్టలేం.

కాని ఆ భయం ప్రాణం తీసింది. అదే మే నెలలో, పాత నల్గొండ జిల్లా బీబీనగర్ మండలంలో, బయటినుంచి వచ్చిన ఒక మనిషిని పిల్లల దొంగ అనుకొని కొట్టి చంపారు.

గద్వాల, వనపర్తిలో అప్పుడు ఎస్పీ రమా రాజేశ్వరి. రెండు జిల్లాల్లో కలిపి సుమారు 400 ఊళ్ళు. ఊరికొక పోలీసును పెట్టారు. డప్పు కొట్టి, పాటలు పాడి, ఆ వార్తలు అబద్ధమని చెప్పించారు. సెల్లులో వచ్చినదాన్ని డప్పుతో ఎదుర్కొన్నారు! అక్కడ ఒక్క ప్రాణం కూడా పోలేదు.

ఆ ఏడాదే వాట్సాప్ వాళ్ళు ఒక గుర్తు పెట్టారు. వేరేవాళ్ళ నుంచి వచ్చినదాన్ని పంపితే, పైన వంకర బాణం కనపడుతుంది. ఇంగ్లీషు రాకున్నా బాణం చూడవచ్చు. బాణం ఉంటే, పంపినది మీ తమ్ముడే అయినా, అది తమ్ముడు రాసింది కాదు. తమ్ముడికి ఫోను చేయండి. "నువ్వు చూసినవా? ఎవరు పంపిండ్రు?" అని అడగండి. జవాబు రాకపోతే మీరు ఇంకొకరికి పంపకండి.

ఊర్లోకి కొత్త మనిషి వచ్చి అనుమానం కలిగితే 100కు గాని, 112కు గాని ఫోను చేయండి. పోలీసులు వచ్చేదాకా అతని మీద ఎవరినీ చెయ్యి వేయనియ్యకండి.