చెవిటి పిల్లలూ మన పిల్లలే
(కమలాపూరు ఉగాది సభలో చేసిన ప్రసంగము)



ఈ పండుగ నాడు ఒక తెలుగు బిడ్డను గూర్చి చెప్పదలచినాము. కర్నూలుకు చెందిన షేక్ జాఫ్రీన్‌కు వినికిడి లేదు. అయినను టెన్నిస్ నేర్చినది. 2022 లో బ్రెజిల్ దేశమున జరిగిన బధిరుల ఒలింపిక్ క్రీడలలో, పృథ్వీ శేఖర్‌తో జతగూడి, మిక్స్‌డ్ డబుల్స్‌లో కాంస్య పతకము గెలిచినది.

ఆ క్రీడలు 1924 లో పారిస్‌లో మొదలైనవి. అక్కడ అందరును చెవి యంత్రములు తీసివేసి ఆడవలెను. పరుగు పందెము తుపాకి మ్రోతతో గాక దీపపు వెలుగుతో మొదలగును. చూచితిరా! పిల్లలను తప్పు పట్టలేదు. పిలిచే తీరు మార్చినారు.

మన ఇండ్లలోనో? అట్టి పిల్లను 'మూగది' అని, బడి మాన్పించి పొయ్యి దగ్గర కూర్చుండబెట్టుట కద్దు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము, నూటికి నలుబది పాళ్లు గాని అంతకు మించి గాని లోపమున్న పిల్లలకు 6 మొదలు 18 ఏండ్ల వరకు ఉచిత విద్య నిచ్చినది. ప్రభుత్వోద్యోగములలో 4 శాతము కేటాయించి, అందులో ఒక శాతము వినికిడి లేని వారికే ఉంచినది. సర్టిఫికెట్టు తీసి బడికి పంపనిదే ఆ హక్కు మన గడప తొక్కదు.

ఊరుగాని ఊరిలో మాట తెలియని కష్టము మన మెరుగుదుము. అట్టి మనమే ఈ బిడ్డలను ఒంటరి చేయరాదు. ఈ ఏడు మన సంఘము ఇంటింటికి పోయి, వారి పేర్లు వ్రాసి, బడిలో చేర్పించవలెనని మా మనవి.