పత్తి రైతు అడిగిన లెక్క

(ఇటీవల విద్యార్థులు, ఉద్యోగుల సభలో మా వేదిక తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఆఫ్రికా అనంగనే మనకు కరువు, ఆకలి, అంతర్యుద్ధం బొమ్మలే చూపిస్తరు. అక్కడ సంఘం పెట్టుకున్న రైతు ఉన్నడని, అమెరికాను లెక్క అడిగిన రైతు ఉన్నడని ఎవరూ చెప్పరు. ఆ ముచ్చట చెప్పడానికే మేము మీ ముందుకు వచ్చినం.

బుర్కినా ఫాసో, మాలి, బెనిన్, చాద్. నాలుగూ పేద దేశాలే. లక్షల కుటుంబాలకు చేతిలో నాలుగు పైసలు ఆడేది పత్తి మీదనే. వాళ్లూ దాన్ని తెల్ల బంగారం అనే అంటరు. వానను నమ్ముకున్న చిన్న కమతాలు, అప్పు మీద తెచ్చిన ఎరువు, ఇంటిల్లిపాదీ చేతులతో ఏరే పత్తి. వరంగల్, ఆదిలాబాద్ రైతుకు ఇది వేరే చెప్పాల్నా?

2001లో ప్రపంచ మార్కెట్లో పత్తి ధర పౌనుకు 40 సెంట్ల కంటే కిందికి పడిపోయింది. సుమారు 30 ఏండ్లలో అంత తక్కువ ధర లేదు. ధర పడితే పంట తగ్గాలె. కానీ అమెరికాలో తగ్గలేదు. ఎందుకు? ఆక్స్‌ఫామ్ సంస్థ 2002లో లెక్క తీసి చెప్పింది: 2001-02లో అక్కడి 25 వేల మంది పత్తి రైతులకు ప్రభుత్వం ఇచ్చిన సబ్సిడీ 390 కోట్ల డాలర్లు. అది బుర్కినా ఫాసో దేశ మొత్తం ఆదాయం కంటే ఎక్కువ! సర్కారు ఖజానా అండ ఉన్న రైతుతో గొడ్డలి, నాగలి తప్ప ఏమీ లేని రైతును పోటీకి దింపి, దానికి స్వేచ్ఛా వాణిజ్యం అని పేరు పెట్టిండ్రు.

ఈ అన్యాయాన్ని ముందుగాల పట్టుకున్నది మంత్రులు కాదు, రైతు సంఘాలు. 2001లోనే బుర్కినా, మాలి, బెనిన్ పత్తి రైతుల సంఘాలు కలిసి సబ్సిడీలు ఎత్తేయాలని పిలుపునిచ్చినయి. బుర్కినా సంఘం నాయకుడు ఫ్రాన్స్వా ట్రవోరే స్వయంగా పత్తి పండించే రైతు. స్వచ్ఛంద సంస్థలు లెక్కలు, చట్టం సంగతులు అందించినయి. ఆ ఒత్తిడితోనే 2003 ఏప్రిల్‌లో నాలుగు ప్రభుత్వాలు డబ్ల్యూటీవో ముందు పత్తి ప్రతిపాదన పెట్టినయి. సబ్సిడీలు తీసెయ్యాలె, తీసేదాకా నష్టపరిహారం ఇయ్యాలె. అడిగింది గింతే.

2003 సెప్టెంబర్‌లో కాంకున్ సభలో ఏం జవాబొచ్చింది? పత్తి మాని వేరే పంటలు చూసుకొమ్మన్న ధోరణిలో ముసాయిదా రాసిండ్రు. పేద దేశాలు తలవంచలేదు. సభ ఒప్పందం లేకుండానే ముగిసింది.

తర్వాత కొంత కదలిక వచ్చింది. 2005 హాంకాంగ్ సభ ధనిక దేశాల పత్తి ఎగుమతి సబ్సిడీలు 2006లో ఆపాలన్నది. అసలు భారం మోపేది దేశంలోపలి సబ్సిడీ. దాని కోత మాత్రం వాయిదాల మీద వాయిదా పడ్డది. బ్రెజిల్ వేసిన కేసులో అమెరికా ఓడింది. బెనిన్, చాద్, మన దేశం కూడా అందులో మూడో పక్షంగా చేరినయి. కానీ 2014 రాజీలో 30 కోట్ల డాలర్లు పోయింది బ్రెజిల్‌కే. ఆఫ్రికా రైతుకు ఏం దక్కింది? 2019 నుంచి అక్టోబర్ 7న ప్రపంచ పత్తి దినోత్సవం. పండుగ వచ్చింది, ధర రాలేదు.

అయితే సంఘాల పని వృథా అయిందా? కాలేదని మేము అంటున్నం. అంతకుముందు ఆ సభల్లో పేద దేశాల మాట వినిపించనే లేదు. ఇప్పుడు పత్తి పేరెత్తకుండ వ్యవసాయ చర్చ సాగదు.

ఇంకో సంగతి. ఆ సంఘాలు పరాయి దేశాలనే కాదు, సొంత సర్కారునూ వదల్లేదు. 2000లో మాలి రైతులు ప్రభుత్వ పత్తి కంపెనీ ఇచ్చే ధర గిట్టక విత్తనమే వెయ్యలేదు. ఆ ఏడు పంట సగానికి పడిపోయింది. బుర్కినాలో 2008లో వచ్చిన బీటీ పత్తి పింజ పొట్టిగయి ధర పోతున్నదని తేలినంక, 2016 నాటికి దాన్ని పక్కన పెట్టిండ్రు. నష్టం వస్తున్నదని ఒప్పుకొని వెనక్కి మళ్లడం చిన్న సంగతి కాదు.

1997-98లో వరంగల్ పత్తి రైతులు వరుసగా ప్రాణాలు తీసుకున్నరు. విత్తనం, మందు, అప్పు, ధర. ఇవన్నీ ఎక్కడో తేలే లెక్కలు. ఆ లెక్కలు చదవగలిగినోళ్లు మీరు. ఉద్యోగికి ఫైలు తెలుసు, విద్యార్థికి పుస్తకం తెలుసు, రైతుకు చేను తెలుసు. మూడూ ఒక్కకాడ కలిస్తేనే పౌర సమాజం అనే మాటకు అర్థం. రైతు పేరు మీద మనం మాట్లాడుడు కాదు; రైతు మాట్లాడేటప్పుడు అతని చేతిలో కాగితం పెట్టాలె. బుర్కినా రైతులు నేర్పిన పాఠం అదే.