గేలిక్ స్థలనామములు

స్కాట్లండు దేశపు ఉత్తర, పశ్చిమ భాగములలోని కొండసీమను హైలాండ్స్ అందురు. ఆ సీమ పటమును ముందుంచుకొని చూచినచో బెన్, గ్లెన్, లొఖ్, ఇన్వర్ అను మాటలు అడుగడుగునను మనకు కనబడును. తెలియనివారికి ఇవి వట్టి ధ్వనులు. గేలిక్ భాష నెరిగినవారికి అర్థవంతములైన పదములు. కొండపల్లి యన్న పేరు మనకు విప్పి చెప్పనక్కరలేనట్లే, వారికి ఈ పేళ్లు.

బెన్ అనగా కొండ; గ్లెన్ అనగా లోయ; లొఖ్ అనగా సరస్సు, లేదా భూమిలోనికి చొచ్చుకొని వచ్చిన సముద్రపు పాయ. ఇన్వర్ అనగా నదీముఖము. కనుక ఇన్వర్‌నెస్ అనగా నెస్ నది సముద్రమును కలియు చోటు. డన్ అనగా కోట. కిల్ అనగా క్రైస్తవ దేవాలయము.

అయితే అన్ని పేళ్లును గేలిక్ పేళ్లు కావు. అబర్డీన్ నగరనామములోని అబర్ అను మాటకును నదీముఖమనియే అర్థము. కాని యది గేలిక్‌కు ముందు అచ్చట వాడుకలో నుండిన భాషలోనిది. స్టోర్నొవే రేవు పేరు ఓడలపై వచ్చిన నార్స్ జనులు పెట్టినది. ఒక భాషపై నొకటి పొరలుగా నిలిచియున్నవి.

రంగుల పేళ్లు మరింత విచిత్రములు. గోర్మ్ అనగా నీలము. పచ్చిక పచ్చదనమునకును ఆ మాటయే చెల్లును. కెయిర్న్‌గోర్మ్ అనగా నీలి రాతికొండ. ఆ శిఖరమున్న పర్వతపంక్తికి గేలిక్ జనులు పెట్టుకొన్న పేరు మాత్రము ‘ఎర్రని కొండలు’. పైవారు ఒక్క శిఖరపు పేరును పంక్తికంతకును అంటగట్టగా, ఎర్రకొండలు నీలికొండలైనవి!

ఆరీ అను మాట కొండమీద వేసవి మేతలకై పశువులను తోలుకొనిపోయినవారు వేసికొన్న గుడిసెలను తెలుపును. నేడు అట్టి చోట్లకు మందలును రావు, మనుష్యులును రారు. భూస్వాములు గొఱ్ఱెల పెంపకమునకై 1814లోను, 1819లోను స్ట్రాత్‌నేవర్ లోయనుండి రైతుకుటుంబములను వెడలగొట్టిరి. ఇండ్ల గోడలు కూలినవి. ఊళ్ల పేళ్లు పటముపై నిలిచినవి.

ఐర్లండులోను ఇట్టి కథయే. అచ్చట 1824లో మొదలైన భూమి సర్వేలో జాన్ ఓడొనవన్ అను పండితుడు ఊరూరను విచారించి పేళ్ల మూలములను వ్రాసియుంచెను. అయినను పటములపై ఆంగ్ల వర్ణక్రమమే నిలిచెను. డెరీ యనగా ఓకు చెట్ల తోపు. డబ్లిన్ అనగా నల్లమడుగు. ఆ వర్ణక్రమమున తోపును కానరాదు, మడుగును కానరాదు.

2005లో స్కాట్లండు శాసనసభ గేలిక్ రక్షణకై చట్టము చేసినది. హైలాండ్స్ మార్గములలో రెండు భాషల పేళ్లను నేడు చూడవచ్చును. 2011 జనాభా లెక్కలలో అచ్చట ఆ భాష మాటలాడువారు సుమారు 57 వేలమంది. పలకపై పేరు వ్రాయుట సులభము. దాని అర్థము నెరిగి పిలుచువారు ఆ లోయలలో మిగిలియుండవలెనని మేము కోరుచున్నాము.