49 ఏళ్ల పెళ్లికొడుకు

మలివయసు ప్రేమను చిత్రించిన 'వోల్వెర్ ఆ ఎంపెసార్' (1982) స్పెయిన్‌కు తొలి విదేశీ భాషా చిత్ర ఆస్కార్ తెచ్చిపెట్టగా, తెలుగులో ఆ ఇతివృత్తాన్ని మనసుకు హత్తుకునేలా చెప్పినది వెంకటేశ్ మహా దర్శకత్వంలో 2018లో విడుదలైన 'కేరాఫ్ కంచరపాలెం'. విశాఖపట్నంలోని ఆ పేటవాసులే అధికభాగం పాత్రలు పోషించిన ఈ చిత్రంలో, ప్రభుత్వ కార్యాలయపు అటెండరు, 49 ఏళ్ల బ్రహ్మచారి రాజు, అక్కడికే అధికారిగా వచ్చిన 42 ఏళ్ల ఒడిశా వితంతువు రాధకు చేరువవుతాడు. బంధువులు అడ్డుపడినా, ఎదిగిన కూతురే తల్లి పెళ్లికి అండగా నిలవడం చిత్రంలోకెల్లా విలువైన ఘట్టం. సమాంతర కథనం, అంటే వేర్వేరు కథలను పక్కపక్కనే నడిపే పద్ధతి, ఇక్కడ నాలుగు ప్రేమకథలను విడివిడిగా చూపుతూ వచ్చి, అవన్నీ ఒకే మనిషి జీవిత దశలని చివర వెల్లడించడంతో, రాజు ఇన్నేళ్లు ఒంటరిగా మిగలడానికి కారణం అతని ఉదాసీనత కాదనీ, మతపు గోడలూ ప్రియురాలి మరణమూ అనీ ప్రేక్షకునికి తెలుస్తుంది.