బూజు, బూడిద: రెండింటికీ ఒకటే మందా?

(మండల రైతు సంఘం శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగం)



పోయిన వానాకాలం మా కమిటీ వాళ్లం బీర, దోస తోటలు తిరిగాం. ఆకుల నిండా పసుపు మచ్చలు. దుకాణంలో ఇచ్చిన కార్బండిజమ్ మూడుసార్లు కొట్టినా తగ్గలేదన్నారు. కల్తీ మందని గొడవ. కల్తీ అయినా కాకపోయినా ఆ తెగులు దానికి లొంగేది కాదు.

ఎందుకో తెలియాలంటే తెగులు గోడ సంగతి చెప్పుకోవాలి. శిలీంద్రపు కణం చుట్టూ గట్టి గోడ ఉంటుంది. చక్కెర అణువులు గొలుసులుగా అల్లుకున్న కైటిన్, గ్లూకాన్ అందులో ముఖ్యం. కైటిన్ అంటే ఏదో కాదు, రొయ్య పెంకులో ఉండేదే. మొక్కలో అది ఉండదు. అందుకే కైటిన్ ముక్క తగలగానే పరాయివాడు వచ్చాడని మొక్క పసిగడుతుంది. కైటినేజ్, గ్లూకనేజ్ అనే ఎంజైములు వదిలి ఆ గోడను కరిగిస్తుంది. మనం మందు కొట్టకముందే చేలో ఈ యుద్ధం నడుస్తుంటుంది. వరి అగ్గితెగులు శిలీంద్రం మరీ గడుసుది. పైన ఇంకోరకం గ్లూకాన్ పూత పూసుకుని కైటిన్‌ను దాచేస్తుంది, ముసుగు దొంగలాగా.

బూడిద తెగులు అసలు శిలీంద్రమే. ఆకు మీద పిండి చల్లినట్టుంటుంది. గంధకానికి లొంగుతుంది, కానీ మండే ఎండలో కొడితే దోసజాతి ఆకులు మాడిపోతాయి. బూజు తెగులు అలా కాదు. పైన ఈనెల మధ్య పసుపు మచ్చలు, తెల్లవారుజామున ఆకు తిప్పి చూస్తే అడుగున ఊదారంగు నూగు. ఇది శిలీంద్రంలా కనిపించినా సముద్రపు నాచుకు చుట్టం. దీని గోడలో ఉండేది ప్రధానంగా గ్లూకాన్, సెల్యులోజ్. కార్బండిజమ్ దెబ్బకొట్టేది కణ విభజనను. ఆ దెబ్బ దీనికి తగలదు. దీనికి మెటలాక్సిల్, మాంకోజెబ్ కలిసిన మందు కావాలి. పేర్లు దగ్గరగా ఉన్నాయని రెండూ ఒకటే అనుకుంటే డబ్బూ పోతుంది, పంటా పోతుంది.

ఇక నేలలోని తెగుళ్లకు ట్రైకోడెర్మా. ఇదీ శిలీంద్రమే, కాకపోతే ఎదుటి శిలీంద్రం గోడను తినేసే రకం. 2 కిలోలను 90 కిలోల పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండిలో కలిపి, తడిపి, నీడన వారం పది రోజులు మాగబెట్టి చల్లాలి. అదే నేలలో వెంటనే కార్బండిజమ్ పోస్తే మన సిపాయిని మనమే చంపుకున్నట్టు.

ఆకు చూడకుండా డబ్బా చేతిలో పెట్టే దుకాణంలో కొనవద్దు. కొన్నచోట బిల్లు తీసుకోండి. వచ్చే సమావేశానికి ఎవరి తోటలో ఆకు వాళ్లు తీసుకురండి. వ్యవసాయాధికారిని పిలుస్తున్నాం, అక్కడే చూపించి అడుగుదాం.