ఎడారిలో ఐసు డేగ
(పూర్వ విద్యార్థుల సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)

 

"దుబాయిల ఏం పని చేసినవ్‌రా?" అని జక్రాన్‌పల్లిలో ఎవరడిగినా "హోటల్ల" అని ఊరుకునేవాణ్ణి. ఐసు చెక్కేవాణ్ణంటే నవ్వుతారని భయం. ఇవాళ ఆ సంగతే చెప్తాను.

వంటగది హెల్పరుగా వెళ్లాను. పెద్ద విందులకు ఐసు బొమ్మలు చెక్కే ఫిలిప్పీన్స్ చెఫ్ ఒకాయన అక్కడ ఉండేవాడు. దిమ్మలు మోయడానికి మనిషి కావాలంటే నన్ను పంపారు. మోయగా మోయగా ఉలి చేతికొచ్చింది.

మన ఫ్యాక్టరీ ఐసు నడుమ తెల్లగా ఉంటుంది గదా. నీళ్లు అన్ని వైపుల నుంచీ గడ్డకట్టి గాలి నడుమ చిక్కుతుంది. బొమ్మల ఐసును అడుగు నుంచి మాత్రమే గడ్డకట్టిస్తారు. పైనున్న నీళ్లను చిన్న పంపు కదిలిస్తూ ఉంటుంది. మూడు నాలుగు రోజులకు అద్దంలాంటి దిమ్మ తయారవుతుంది. బరువు దాదాపు 136 కిలోలు.

ఒక డిసెంబరులో ఎడారి క్యాంపులో విందు. రెక్కలు చాచిన డేగ కావాలన్నారు. 12 దిమ్మలు, అంటే 1,600 కిలోలు దాటింది.

ఫ్రీజరు నుంచి తీసిన వెంటనే ఉలి వేస్తే ఐసు పగులుతుంది. పైన కొంచెం తడి వచ్చేదాకా ఆగాలి. అతకడానికి మాత్రం బాగా చల్లగా ఉండాలి, అప్పుడే సందులో పోసిన నీళ్లు గడ్డకట్టి దిమ్మలను పట్టుకుంటాయి. అందుకని కోల్డ్ స్టోరేజీలో చెక్కి, మళ్లీ చల్లబరిచి, ఫ్రీజరు బండిలో తీసుకెళ్లి గబగబా నిలబెట్టాం. ముక్కు, రెక్కల కొనలు ముందుగా కరుగుతాయి కాబట్టి వాటిని మొద్దుగానే వదిలాం. మిగతా చెక్కుడు ఎండే చూసుకుంటుంది!

అంతా అయ్యేసరికి మధ్యాహ్నం మూడు. విందు ఏడింటికి. గాలి లేచింది. ఎండకైతే నీడ కట్టొచ్చు, గాలిని ఏం చేస్తాం? తెచ్చిన ప్లాస్టిక్ కవరు నిలవడం లేదు. చిన్నప్పుడు గోనె సంచిలో, ఊక నడుమ, సైకిలు మీద మన ఊరికొచ్చే ఐసు గుర్తొచ్చింది. వంట డేరాలోని ఖాళీ బియ్యం సంచులు కప్పుదామన్నాను. "బట్ట కప్పితే వేడెక్కదా?" అని తోటి పనివాళ్లు నవ్వారు. బట్ట వేడి పుట్టించదు, బయటి వేడిని లోపలికి తొందరగా రానివ్వదు. చెఫ్ సరేనన్నాడు.

సైన్సు సారు చెప్పిన గుప్తోష్ణం ఆ రోజు అర్థమైంది. సున్నా డిగ్రీల ఐసు ఒక గ్రాము కరగాలంటే 80 కెలోరీలు కావాలి. అదే వేడితో గ్రాము నీటిని సున్నా నుంచి 80 డిగ్రీలకు కాచొచ్చు. పరీక్షలో ఆ ప్రశ్న వదిలేసినవాణ్ణి సార్, మన్నించాలి.

అయినా తప్పు చేశాను. నాలుగింటికి ఫోటో కోసం ఎడమ రెక్క మీది సంచి తీసి, మళ్లీ కప్పడం మరిచాను. ఎనిమిదింటికి ఆ కొన ఊడిపడింది. "ఎవరు తీశారు?" అన్నాడు మేనేజరు. ఇంటి దగ్గర వీసా అప్పు తీరలేదు. నా నోరు పెగల్లేదు. "నేనే" అన్నాడు చెఫ్.

తిరిగొచ్చే బండిలో, తీసింది నేనేనని ఆయనకు చెప్పాను. "చూశాను" అన్నాడు. అంతే, మళ్లీ ఆ మాట ఎత్తలేదు. తర్వాతి వారం డేగ ముక్కు చెక్కమని ఉలి నా చేతికే ఇచ్చాడు.

పొద్దున మన సైన్సు గదిలో రెండు ఐసు ముక్కలు పెట్టాను, ఒకటి పళ్లెంలో, ఒకటి ఊకలో. భోజనాలయ్యాక పిల్లలతో పాటు మీరూ వచ్చి చూడండి.